కండలు తిరిగిన పురుష దేహం: ‘నర్తనశాల’ భీముడి నుంచి సిక్స్‌ప్యాక్ కథానాయకుడి దాకా

వన్‌టౌన్ పాఠకుడు (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. మన నగరపాలక సంస్థ ఇండోర్ స్టేడియానికి దండమూడి రాజగోపాలరావు గారి పేరు పెట్టారన్న సంగతి బెజవాడ వాసులకు తెలిసినదే. ఆయన కృష్ణా జిల్లా గండిగుంటలో పుట్టి, బరువులెత్తే పోటీల్లో దేశస్థాయికి ఎదిగిన వ్యక్తి. 1963లో విడుదలైన ‘నర్తనశాల’లో భీముడి వేషం వేసినది కూడా ఆయనే. అదే చిత్రంలో కీచకుడిగా నటించిన ఎస్వీ రంగారావు గారు మన పక్కనున్న నూజివీడులో పుట్టినవారు. ఆ పాత్రకే ఆయనకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

ఏళ్ల తరబడి ఇనుము ఎత్తి సంపాదించిన నిజమైన కండ ఒకవైపు, కంఠంతోనూ నడకతోనూ తెరను నింపే భారీ విగ్రహం మరొకవైపు తలపడినప్పుడు, ప్రేక్షకుల జ్ఞాపకంలో నిలిచిపోయినది ఆ రెండవదే. భీముడు గెలిచిన కథలో కూడా మనం ఈనాటికీ చెప్పుకునేది కీచకుడి చూపు, మీసం, అడుగు. భీముడి భుజాల గురించి మాట్లాడినవారిని నేను చూడలేదు. ఈనాడు అదే కథను తీస్తే, భీముడి పాత్రధారి ఎన్ని నెలలు కసరత్తు చేశాడు, ఏమి తిన్నాడు అన్న వార్తలే సినిమాకన్నా ముందు విడుదలవుతాయి. కండ అన్నది తనంతట తానే చూడదగిన వస్తువుగా ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు అన్నది తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

అమరావతి శిల (గుంటూరు)

పాఠకుడు గారూ, మీ ప్రశ్నను సినిమాకన్నా చాలా వెనక్కి తీసుకువెళ్లవలసి ఉంటుంది. శిల్పకళ నా చదువు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. అమరావతి స్తూపపు పలకల్లో రాజులు, యక్షులు, బరువులు మోసే మరుగుజ్జులు, ఏనుగును అదుపు చేసే మావటులు కనిపిస్తారు. వారిలో ఎవరి పొట్టమీదా కండరాల గీతలు ఉండవు. భుజాలు విశాలంగా, నడుము సన్నగా, చర్మం లోపలి నుంచి ఊపిరి నిండినట్లు నునుపుగా ఉంటుంది. పల్నాటి సున్నపురాయిలో పూసల వరుసనూ చీరమడతనూ అంత సూక్ష్మంగా చెక్కగలిగిన శిల్పులకు పొట్టమీద ఆరు గళ్లు చెక్కడం చేతకాక మానలేదు. వారు దేహాన్ని ప్రాణవాయువుతో నిండిన పాత్రగా చూశారు, ఆ దృష్టిలో కండరానికి విడిగా చెప్పవలసినంత ప్రాముఖ్యం లేదు.

ఇదే బౌద్ధం, దాదాపు ఇవే శతాబ్దాలు, కానీ గాంధారానికి వెళితే పరిస్థితి వేరు. అక్కడి ఫలకాల్లో బుద్ధుడి వెంట ఉండే వజ్రపాణిని గ్రీకు వీరుడు హెరాక్లీసు రూపంలో, కండలు తేలిన ఛాతీతో చెక్కినవి ఉన్నాయి. గ్రీసులో వ్యాయామశాల పౌరజీవితంలో భాగం. యువకులు అక్కడ నగ్నంగా కసరత్తు చేసేవారు, శిల్పులు ఆ శరీరాలను చూసి కొలతలు కట్టేవారు. పాలిక్లీటస్ అనే శిల్పి క్రీస్తుపూర్వం ఐదవ శతాబ్దంలోనే పురుష దేహానికి ఇంతింత నిష్పత్తులు ఉండాలని సూత్రీకరించి, ఈటె పట్టిన యువకుడి విగ్రహాన్ని నమూనాగా పోతపోశాడు. ఈనాటి జిమ్ గోడమీది పోస్టరుకు మూలపురుషుడిని వెతకాలంటే మన ఇతిహాసంలో కన్నా ఆ విగ్రహంలో వెతకడమే సరైనదని నా అభిప్రాయం.

తెనాలి రంగస్థలం (తెనాలి)

అమ్మా, మీరు రాతి గురించి చెప్పినది రంగస్థలానికి కూడా వర్తిస్తుంది. పద్యనాటకాల్లో నేను చాలాకాలం వేషాలు వేశాను. మా కాలంలో భీముడి వేషానికి మనిషిని ఎంచుకునేటప్పుడు మొదట చూసేది గొంతు. పద్యం ఎత్తుకుని రాగం తీస్తే చివరి వరుసలో చాపమీద కూర్చున్నవాడి దాకా వినబడాలి. తరువాత చూసేది నిలువెత్తు విగ్రహం. మిగిలిన భుజబలమంతా భుజకీర్తులదే. కూచిపూడి భాగవతుల నుంచి నాటక సమాజాల వరకు అందరూ వాడిన ఆ ఆభరణాన్ని తేలికైన కర్రతో చేసి, రంగుకాగితం, అద్దపుముక్కలు అంటించి, భుజాలకు కట్టేవారు. దానితో సామాన్యమైన భుజం కూడా రెండింతలై కనబడేది. కిరీటం ఎత్తును పెంచేది, గద చేతికి బరువు తెచ్చేది. గద ఎంత తేలికైనదైనా దాన్ని బరువైనదిగా మోయడమే నటుడి విద్య.

పెట్రోమాక్స్ వెలుగులో దూరం నుంచి చూసేవారికి కండరం కనబడదు, ఆకారం కనబడుతుంది. కాబట్టి వేషధారణ ఆకారాన్నే పెంచింది. తొలి పౌరాణిక చిత్రాలకు నటులు, ఆహార్యం, అడుగులు అన్నీ రంగస్థలం నుంచే వెళ్లాయి గనుక తెరమీద కూడా చాలాకాలం ఆ పద్ధతే సాగింది. 1965లో వచ్చిన ‘పాండవ వనవాసము’లో రామారావు గారు భీముడిగా కనిపించినప్పుడు, ఆ బలమంతా ఛాతీని విరిచి నిలబడిన తీరులోనూ గద భుజాన వేసుకున్న తీరులోనూ ఉంది. ఆ నిలుపును ఆయన తరువాత వచ్చిన ఎందరో నాటక నటులు సాధన చేశారు. నేనూ చేశాను.

బెంజిసర్కిల్ శిక్షకుడు (విజయవాడ)

మాస్టారూ, మీరు చెప్పిన దూరం సంగతి నాకు చాలా ముఖ్యమైనదిగా తోచింది. ఆ దూరాన్ని తీసివేసినది ఫోటో కెమెరా. పాఠకుడు గారి ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు నా వృత్తివారు ఇచ్చే సమాధానం యూజెన్ శాండో.

శాండో 1867లో ప్రష్యా దేశపు కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. మొదట అందరు బలశాలుల మాదిరిగానే సర్కసుల్లో, నాటకశాలల్లో బరువులెత్తి బతికాడు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన సమయంలో ఫ్లోరెంజ్ జీగ్‌ఫీల్డ్ అనే ప్రదర్శనల నిర్వాహకుడు అతడిని తీసుకున్నాడు. బరువులెత్తడంకన్నా కండరాలను బిగించి చూపడానికే జనం ఎక్కువ ఆసక్తి చూపుతున్నారని గమనించి ప్రదర్శనను ఆ వైపు తిప్పాడు. నా దృష్టిలో మొత్తం చరిత్రలో మలుపు అదే. అంతకుముందు కండ అన్నది పనికి సాధనం, అక్కడి నుంచి కండే ప్రదర్శన. 1894లో ఎడిసన్ సంస్థ తన తొలి చలనచిత్రాల్లో ఒకదానిలో శాండో భంగిమలను చిత్రీకరించింది. అంటే కదిలే బొమ్మ పుట్టిన తొలినాళ్లలోనే దాని ముందు నిలిచిన వస్తువుల్లో కండలు తిరిగిన పురుష దేహం ఒకటి. శాండో గ్రీకు విగ్రహాల కొలతలను తన శరీరానికి ఆదర్శంగా పెట్టుకుని, వాటి భంగిమల్లోనే ఫోటోలు తీయించుకున్నాడు కాబట్టి శిల గారి మాటకూ నా మాటకూ ఇక్కడ లంకె కుదురుతుంది. 1901లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో అతడు నిర్వహించిన దేహదారుఢ్య పోటీకి న్యాయనిర్ణేతల్లో ఒకరు రచయిత ఆర్థర్ కానన్ డాయిల్. నేటికీ మిస్టర్ ఒలింపియా అనే అంతర్జాతీయ దేహదారుఢ్య పోటీ విజేతకు ఇచ్చేది శాండో ప్రతిమనే. అతడు 1905 ప్రాంతంలో మన దేశానికి కూడా వచ్చి ప్రదర్శనలిచ్చాడు.

ఆ కాలంలోనే మన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఉన్నారు. శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టి, సర్కసు నెలకొల్పి, ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకుని, ఊపిరి బిగించి ఒంటికి చుట్టిన గొలుసులు తెంచి, కలియుగ భీముడు అనిపించుకున్నారు. ఆయన ఫోటోలో కనిపించేది పీపాలాంటి ఛాతీ, బలిసిన మెడ. విడివిడిగా చెక్కినట్లుండే కండరాలు కనిపించవు. ఒకే కాలంలో ఒకరు ఏమి చేయగలరో చూపించి, మరొకరు ఎలా ఉన్నారో చూపించి కీర్తి సంపాదించారు. ఈ రెండు దారుల్లో మా జిమ్‌లకు వచ్చే కుర్రవాళ్లు కోరుకునేది రెండవదే.

కొత్తపేట విద్యార్థి (గుంటూరు)

పెద్దలందరికీ నమస్కారం. శాండోకూ సిక్స్‌ప్యాక్‌కూ మధ్య వందేళ్ల దూరం ఉంది కదా, ఆ మధ్యకాలం గురించి నాకు తెలిసినది చేర్చుతాను. 1958లో విడుదలైన ఇటలీ చిత్రం ‘హెర్క్యులిస్’లో స్టీవ్ రీవ్స్ అనే దేహదారుఢ్య విజేత కథానాయకుడయ్యాడు. మన దేశంలో 1962 నుంచి దారాసింగ్ గారు కథానాయకుడిగా వరుసగా చిత్రాలు చేశారు. ఆయన మల్లయోధుడు, రీవ్స్ మాదిరిగా భంగిమలు చూపే పోటీల నుంచి వచ్చినవారు కారు. అందుకే కాబోలు, 1987లో దూరదర్శన్ రామాయణంలో ఆయన హనుమంతుడైనప్పుడు దేశమంతా ప్రశ్న లేకుండా అంగీకరించింది. 1973లో బ్రూస్ లీ చిత్రం సన్నని శరీరంలో తీగల్లా తేలిన కండరాలను చూపింది. 1980ల్లో ఆర్నాల్డ్, స్టాలోన్ వచ్చారు. హిందీలో 1998లో సల్మాన్ ఖాన్ చొక్కా విప్పి పాడిన పాట తరువాత అది ఆనవాయితీ అయింది. తెలుగులో 2007 నాటి ‘దేశముదురు’లో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్‌తో కనిపించారు. అదే ఏడాది చివర హిందీలో షారుఖ్ ఖాన్ కూడా అలాగే కనిపించారు. 2012లో ‘పూలరంగడు’ కోసం సునీల్ గారు సిక్స్‌ప్యాక్ చేసినప్పుడు, హాస్యనటుడు కథానాయకుడిగా చెల్లుబాటు కావడానికి ఆ పొట్ట ఒక అర్హతాపత్రంలా పనిచేసిందని నాకు అనిపించింది.

నాది ఒక ప్రశ్న. మా హాస్టల్‌లో కొందరు మూడు నెలల్లో అటువంటి శరీరం వస్తుందన్న మాట నమ్మి ఇంజెక్షన్లు తీసుకుంటున్నారు. తెరమీది శరీరాలు అంత వేగంగా రావడం సాధ్యమేనా? ఈ వేదికలో వైద్యులు ఉంటే చెప్పగలరు.

బ్రాడీపేట వైద్యుడు (గుంటూరు)

బాబూ, అడిగినందుకు సంతోషం. ఈ ప్రశ్నకు సమాధానం ఆరోగ్యానికి సంబంధించినదే కాక, పై చర్చకు కావలసిన చరిత్రలో కూడా భాగమే.

పొట్ట ముందుభాగంలో నిలువుగా ఉండే కండరాన్ని అడ్డంగా సాగే స్నాయుపట్టీలు గళ్లుగా విడదీస్తాయి. ఆ గళ్లు నాలుగా, ఆరా, ఎనిమిదా అన్నది పుట్టుకతో నిర్ణయమైపోతుంది, ఏ కసరత్తూ ఆ సంఖ్యను మార్చలేదు. అవి బయటికి కనబడాలంటే చర్మం కింది కొవ్వు బాగా తగ్గాలి. పురుషుల్లో సాధారణంగా శరీర బరువులో కొవ్వు పది శాతం చుట్టుపక్కలకు దిగితే గాని స్పష్టంగా కనబడవు. కాబట్టి సిక్స్‌ప్యాక్ చూపేది ప్రధానంగా కొవ్వు లేమిని, బలాన్ని కాదు. చిత్రీకరణకు ముందు కొందరు ఉప్పు, నీరు తగ్గించి, దీపాలను పక్కనుంచి పెట్టించుకుని, అప్పటికప్పుడు బరువులెత్తి కండరాల్లోకి రక్తం పట్టించి కెమెరా ముందుకు వస్తారు. మనం చూసేది ఆ కొద్ది గంటల శరీరం. ఆ స్థితిలో ఏడాదంతా ఉండటం ఎవరికీ సాధ్యం కాదు, నీరు మానడం మూత్రపిండాలకూ గుండెకూ ప్రమాదకరం.

ఇక ఇంజెక్షన్ల సంగతి. టెస్టోస్టెరాన్‌ను 1935లో ప్రయోగశాలలో తయారు చేశారు, అందులో పాలుపంచుకున్న బ్యూటెనాంట్, రుజిచ్కాలకు 1939లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించారు. 1958లో డయానబాల్ అనే మాత్ర అమెరికా విపణిలోకి వచ్చి బరువులెత్తేవారికీ, వారి నుంచి దేహదారుఢ్య పోటీదారులకూ చేరింది. శాండో ఫోటోను 1970ల తరువాతి విజేతల ఫోటోల పక్కన పెట్టి చూడండి. ఆ తేడా అంతా శ్రమవల్ల, ఆహారంవల్ల వచ్చినదేనని వైద్యుడిగా నేను ఒప్పుకోలేను. బయటి నుంచి హార్మోను వస్తే వృషణాలు తమ పని తగ్గించుకుని కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి, కాలేయం దెబ్బతినవచ్చు, రక్తంలో మంచి కొలెస్టరాల్ పడిపోతుంది, గుండె కండరం మందమవుతుంది. హాస్టల్ మిత్రులను వెంటనే ఎవరైనా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లు. తీసుకున్న మందుల పేర్లు దాచకుండా చెప్పమను. ఒక్కసారిగా మానేసినప్పుడు వచ్చే నిస్సత్తువ, దిగులు కూడా తీవ్రంగా ఉంటాయి, అందుకే సొంత వైద్యం పనికిరాదు.

అమెరికా మానసిక వైద్యుడు హారిసన్ పోప్, ఆయన సహచరులు 1999లో పిల్లల సైనిక బొమ్మలను కొలిచి చూశారు. 1964లో వచ్చిన జీ.ఐ.జో బొమ్మ మామూలు మనిషి ఒడ్డుపొడుగులతో ఉండగా, 1990ల నాటి బొమ్మ చేతి కండలు మనిషి పరిమాణానికి పెంచి లెక్కిస్తే ఏ దేహదారుఢ్య విజేతకూ లేనంత లావుగా తేలాయి. ఎంత కండ పెంచినా తాను సన్నగానే ఉన్నానని బాధపడే మానసిక స్థితికి 1997లో పేరు పెట్టినది కూడా ఆ బృందమే. అటువంటి యువకులు నా దగ్గరకు వస్తున్నారు. వారిని మందలించడంవల్ల ప్రయోజనం లేదని, వారి మాట వినడం అవసరమని ఇక్కడి తల్లిదండ్రులకు మనవి చేస్తున్నాను.

వన్‌టౌన్ పాఠకుడు (విజయవాడ)

ఇంత సమాచారం ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. అయితే ఇదంతా పడమటి నుంచి దిగుమతి అయిన వ్యవహారం అన్న ధ్వని చర్చలో బలపడుతున్నది గనుక దానిపై నా అభ్యంతరం చెప్పాలి. మన ఊళ్లలో తాలింఖానాలనే వ్యాయామశాలలు ఉండేవి, వాటిలో నేర్పే వస్తాదులు ఉండేవారు, దండీలు, బస్కీలు, ఎత్తడానికి సంగిడీరాళ్లు, కర్రసాము ఉండేవి. తిక్కన గారి విరాటపర్వంలో వలలుడిగా మారువేషంలో ఉన్న భీముడు రాజసభలో మల్లుడితో తలపడే ఘట్టం వినిపించేటప్పుడు, కుస్తీ పట్టు తెలిసిన శ్రోతలు ఎదురుగా కూర్చునే కాలం ఒకటి ఉండేది. కాబట్టి బలిష్ఠమైన దేహంపట్ల మమకారం మనకు కొత్త కాదు.

కొత్తగా వచ్చినది అవమానం. భారతీయ పురుషులు బలహీనులని, యుద్ధానికి పనికిరారని తెల్లదొరలు ముద్రవేసిన తరువాత, శరీరాన్ని పెంచడం స్వాభిమానానికి సంబంధించిన విషయమైంది. 1902లో కలకత్తాలో మొదలైన అనుశీలన సమితి అనే విప్లవ సంస్థ వ్యాయామశాల రూపంలోనే పుట్టింది. బెంగుళూరులో కె.వి. అయ్యర్ గారు తన హెర్క్యులిస్ వ్యాయామశాలలో యోగాసనాలనూ బార్‌బెల్‌నూ కలిపి నేర్పి, గ్రీకు విగ్రహాల భంగిమల్లో ఫోటోలు తీయించుకున్నారు. ఆ బెంగాలు నుంచే 1951లో మనతోష్ రాయ్, 1952లో మనోహర్ ఐచ్ తమ తమ విభాగాల్లో మిస్టర్ యూనివర్స్ పురస్కారాలు గెలిచారు. ఐచ్ నూరేళ్లు దాటి జీవించి 2016లో మరణించారు. వీరు శాండో పద్ధతిని తీసుకున్నమాట నిజమే, కాని దానితో చెప్పిన మాట తమదే.

అమరావతి శిల (గుంటూరు)

పాఠకుడు గారి సవరణను గౌరవిస్తూనే ఒక్క విషయం చేర్చుతాను. ఆ స్వాభిమానం దేవుడి బొమ్మను కూడా మార్చింది. పాత పటాల్లో శ్రీరాముడు మృదువైన, నునుపైన దేహంతో, ప్రశాంతంగా కూర్చుని ఉంటాడు. మన బాపు గారి రాముడు కూడా సన్నని రేఖల్లో ఒదిగినవాడే. 1980ల చివరి నుంచి పోస్టర్లలో విల్లు ఎక్కుపెట్టి, కండలు బిగించిన రాముడు కనిపించడం మొదలైంది. పండితురాలు అనురాధా కపూర్ ఈ మార్పును 1993లోనే విశ్లేషించారు. హనుమంతుడి విషయం వేరు, ఆయన బలం కథలోనే ఉంది. హైదరాబాదు రహదారిమీద పరిటాలలో 2003లో నెలకొల్పిన 135 అడుగుల ఆంజనేయుడి ముందు నిలబడితే, ఆ విగ్రహంలో భక్తుడిని ఆకట్టుకునేది పరిమాణం, నిలుపు. అక్కడ రంగస్థలం వారు చెప్పిన పాత సూత్రమే ఇంకా పనిచేస్తున్నదని నాకు అనిపిస్తుంది.

తెనాలి రంగస్థలం (తెనాలి)

అది నిజమేనమ్మా. 2015లో ‘బాహుబలి’ చూసినప్పుడు నాకు కూడా ఇదే తోచింది. ఆ చిత్రం కోసం ప్రభాస్ పెంచినది పొట్టమీది గీతలకన్నా ఎక్కువగా ఛాతీని, భుజాలను. అంతటి శరీరాన్ని చూపి ఊరుకోకుండా, శివలింగాన్ని ఎత్తి భుజాన పెట్టుకుని జలపాతం కిందికి మోయించారు. మన ప్రేక్షకుడు బలవంతుడిని నమ్మాలంటే అతడు ఏదో ఒకటి ఎత్తవలసిందే. రామ్మూర్తి నాయుడు గారికి ఏనుగు ఉన్నది, ఈయనకు లింగం ఉన్నది.

బెంజిసర్కిల్ శిక్షకుడు (విజయవాడ)

మాస్టారూ, తెరమీద ఎత్తిన దానికి యంత్రాల, గ్రాఫిక్స్ సాయం ఉంటుంది. నిజంగా ఎత్తినవారు మన పక్కనే ఉన్నారు. పూర్వపు గుంటూరు జిల్లాలోని స్టూవర్టుపురం నుంచి వచ్చిన రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 151, మొదట భుజాల దాకా తెచ్చి ఆపై ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చారు. మా జిమ్‌కు వచ్చే కుర్రవాళ్లకు ఆ వీడియో చూపిస్తాను. కొందరు మొదట అడిగేది, ఆయనకు సిక్స్‌ప్యాక్ ఉందా అని. అప్పుడు బార్ నేలనుంచి లేచే క్షణంలో ఆయన తొడలనూ వీపునూ గమనించమని చెప్పి, వీడియోను మళ్లీ మొదటినుంచి పెడతాను. విద్యార్థి బాబూ, నీ హాస్టల్ మిత్రులు డాక్టర్ గారు చెప్పినట్లు వైద్యుడికి చూపించుకున్న తరువాత, ఆయన సరేనంటే వారిని సాయంత్రం పూట నా దగ్గరకు తీసుకురా. ఇంజెక్షన్ లేకుండా బరువెత్తడం ఎలాగో మొదటి పాఠం నుంచి నేర్పుతాను, అందుకు రుసుము తీసుకోను.